నాడీకణాల మీద ఆడిట్ అభ్యంతరాలు

ముప్పై రెండేళ్లు ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. చీపురు కొన్నా మూడు కొటేషన్లు ఉండాలన్నది నా సిద్ధాంతం. ఖాళీగా కూర్చోలేక మొన్న మా మనవరాలి జీవశాస్త్రం పుస్తకం తిరగేస్తుంటే నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ కథ కంటబడింది. నాడీకణాలు బతకడానికీ ఎదగడానికీ కావలసిన ప్రోటీన్ అట. 1986లో దానికి నోబెల్ కూడా ఇచ్చేశారు. ఇచ్చేముందు ఎవరైనా ఫైలు చూశారా? చూసిన జాడ లేదు. అందుకని నేను చూశాను.

మొదటి అభ్యంతరం గుడ్ల మీద. 1938లో ముస్సోలినీ జాతి చట్టాలు తెచ్చి యూదులను విశ్వవిద్యాలయాల్లోంచి వెళ్లగొట్టాడు. ట్యూరిన్‌లో రీటా లెవీ మోంటాల్చీని అనే యువ డాక్టరు కొలువు అలాగే పోయింది. కొలువు పోయిన మనిషి అర్జీ పెట్టుకోవాలి, పైవాళ్ల చుట్టూ తిరగాలి. ఈవిడ పడగ్గదిలో ప్రయోగశాల పెట్టింది. నివాస గదిని ల్యాబుగా మార్చడానికి అనుమతి పత్రం జతచేయలేదు. కుట్టు సూదులను అరగదీసి శస్త్రచికిత్సకు కత్తులు చేసుకుంది. స్టాక్ రిజిస్టరులో వాటిని ఏ పద్దు కింద చూపాలో చెప్పే నాథుడు లేడు. బాంబులు పడుతుంటే పల్లెకు మారి, పిల్లలకు బలమని చెప్పి రైతుల దగ్గర గుడ్లు సేకరించింది. అవీ పొదిగితే పిల్ల లేచే గుడ్లే కావాలట! ఆవిడకు పిల్లలు లేరు. అంటే డిక్లరేషనే తప్పు. పిండం తీసి ప్రయోగం చేశాక మిగిలిన సొనతో ఇంట్లో అట్టు వేశారు. ప్రయోగానికి తెచ్చిన సరుకు సిబ్బంది తినడం నా సర్వీసులో కొత్త కాదు. తిన్నాక నోబెల్ రావడమే కొత్త.

సరే, ఆ గుడ్లలో ఏం చూసింది? అంతకుముందు 1934లో విక్టర్ హాంబర్గర్ అనే శాస్త్రవేత్త కోడిపిండానికి రెక్క మొలిచే చోటు కోసేస్తే, ఆ రెక్కకు వెళ్లాల్సిన నాడీకణాలు తగ్గిపోయాయని రాశాడు. రెక్క లేదు కాబట్టి కొత్త కణాల నియామకమే జరగలేదని ఆయన వాదన. కాదు, నియామకం జరిగింది, తర్వాత ఏరివేశారని ఈవిడ వాదన. ఈ తేడా సామాన్యులకు చిన్నదిగా కనిపించవచ్చు. పోస్టు భర్తీ కాలేదా, భర్తీ చేసి తొలగించారా అన్నది ఆడిటర్‌కు ప్రాణం. ఈ ఒక్క విషయంలో ఆవిడకు నా పూర్తి మార్కులు. ఆవిడ చెప్పిందే నిజమైంది.

అయితే ఇక్కడే ప్రకృతి మీద పేరా రాయక తప్పదు. పిండదశలో చాలా రకాల నాడీకణాలు అవసరానికి దాదాపు రెట్టింపు పుడతాయి. తర్వాత సగం చస్తాయి. రెట్టింపు సిబ్బందిని తీసుకుని, అందరికీ చాలని రేషన్ పెట్టి, అందినవాళ్లే ఉండండి అనడం ఏ సర్వీసు రూల్సులో ఉంది? నాడీకణం తన పొడుగాటి తీగను చర్మం దాకానో, గుండె దాకానో పంపుతుంది. అక్కడి కణజాలం ఈ నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్‌ను పిసినారిలా రవ్వంత విడుదల చేస్తుంది. తీగ కొసన ట్రాక్‌ఎ అనే గ్రాహకం దాన్ని పట్టుకుని, సంచిలో మూటగట్టి, వెనక్కి కణం కేంద్రానికి పంపుతుంది. కాలి వేలి నుంచి నడుము దగ్గరి కణం దాకా అంటే సుమారు మీటరు. ఆ మూట చేరితే కణం బతుకుతుంది, కొమ్మలు వేస్తుంది. చేరకపోతే, చచ్చే యంత్రాంగం కణంలో ముందే సిద్ధంగా ఉంటుంది. ఆ ప్రోటీన్ చేసేదల్లా దాని మీద ఎప్పటికప్పుడు స్టే తేవడమే.

ఇది చదివి నేను కొంచెంసేపు పుస్తకం మూసేశాను. ఏటా బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునే పెన్షనరును కదా.

మిగతా అభ్యంతరాలు త్వరగా ముగిస్తాను. 1947లో రీటా, హాంబర్గర్ పిలుపు మీద అమెరికాలో సెయింట్ లూయిస్ చేరింది. నాడీ తీగలను పెంచే పదార్థమేదో ఒక రకం ఎలుక కణితిలో ఉందని అనుమానించి, 1952లో ఆ కణితి ఉన్న ఎలుకలను వెంటబెట్టుకుని రియో డి జనీరోకు విమానమెక్కింది. టీఏ బిల్లులో ఎలుకలను ఏమని చూపారో తెలియాలి. అక్కడ గాజుపాత్రలో కణితి పక్కన పెట్టిన నాడీముడి (నాడీకణాల గుత్తి) చుట్టూ, సూర్యుడి కిరణాల్లా తీగలు మొలిచాయి. తర్వాత స్టాన్లీ కోహెన్ వచ్చి, కణితి నుంచి తీసిన ఆ పదార్థంలో కలిసిన కేంద్రకామ్లాలను (డీఎన్‌ఏ లాంటివి) తొలగిద్దామని, వాటిని ముక్కలు చేసే పాము విషం వేశాడు. తీరా చూస్తే కణితిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఆ నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ విషంలోనే ఉంది! శుభ్రం చేయడానికి కొన్న ఫినాయిల్‌లో బంగారం దొరికినట్టు. విషం పాము లాలాజలమే కదా అని మగ ఎలుకల లాలాజల గ్రంథులు వెతికితే అక్కడా పుష్కలం. పాము విషానికి టెండరు పిలవలేదు. ఎలుక ఉమ్మికి మార్కెట్ రేటు లేదు. ఈ గ్రంథుల్లోంచే కోహెన్ ఇంకో వృద్ధి కారకాన్ని తీశాడు, అది పడిన ఎలుక పిల్లలు గడువుకు ముందే కళ్లు తెరిచాయి. బహుమతి ఇద్దరికే వచ్చింది. పని మొదలుపెట్టిన హాంబర్గర్ పేరు జాబితాలో లేదు. ఇది మాత్రం మా ఆఫీసు పద్ధతి ప్రకారమే జరిగింది.

1982లో జర్మనీలో బార్డ్, థోనెన్ బృందం మెదడులో ఇదే తరహా పని చేసే బీడీఎన్‌ఎఫ్ అనే తోబుట్టువు ప్రోటీన్‌ను పట్టుకుంది. కిలోన్నర పంది మెదడు నుంచి వచ్చింది ఒక్క మైక్రోగ్రాము. ఈ దిగుబడి చూపిన ఏ అధికారినైనా నేను సస్పెండ్ చేయించేవాణ్ణి. ఇప్పుడు అదే ప్రోటీన్‌ను పెంచుతామని డబ్బాల్లో పొడులు అమ్ముతున్నారు. బీడీఎన్‌ఎఫ్‌ను నేరుగా రక్తంలోకి ఎక్కించినా మెదడు గడప దాటడం కష్టం, పొట్టలో వేసిన ప్రోటీన్ సంగతి చెప్పక్కర్లేదు. ఆ డబ్బాల మీద ధర మాత్రం స్పష్టంగా ముద్రించారు. అందువల్ల నా అభ్యంతరాల్లో అవి లేవు.

నిన్న లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్లాను. వేలిముద్ర యంత్రం నన్ను గుర్తించలేదు. తుడుచుకుని మళ్లీ పెట్టమన్నారు. పెట్టాను. గ్లిజరిన్ రాసి పెట్టమన్నారు. రాసి పెట్టాను. మూడోసారి నొక్కుతుంటే యంత్రం చల్లగా తగిలింది. నేను బతికున్నట్టు ఈ యంత్రం ఎప్పుడు ఒప్పుకుంటుందో గానీ, ఆ వేలి కొసనున్న నాడీ తీగ మాత్రం ఎవరినీ అడక్కుండా తన మూట తాను పైకి పంపుకుంటూనే ఉంది.