నీలి కళ్ల పురుగు కరిస్తే చావేనట!

ఈ మధ్య బెంగళూరు మారతహళ్లి వైపు తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒకటే ఫార్వర్డ్. రెండు పెద్ద నీలి కళ్లున్న పచ్చటి గొంగళి పురుగు ఫొటో. దాని కింద: 'విదేశాల నుంచి వచ్చిన విషపు పురుగు. గన్నేరు మీద ఉంటుంది. కరిస్తే ఐదు నిమిషాల్లో చావు. వెంటనే తాడు కట్టి, బ్లేడుతో కోసి రక్తం తీయండి. మాత్‌గా మారాక రాత్రి చెవిలో గుడ్లు పెడుతుంది. చెట్లకు కిరోసిన్ కొట్టండి, లేదా నరికి తగలబెట్టండి.'

అది ఓలియాండర్ (అంటే గన్నేరు) హాక్ మాత్ పిల్ల. మాత్ అంటే రాత్రి తిరిగే, సీతాకోకచిలుక లాంటి రెక్కల పురుగు. విదేశీనా? ఆఫ్రికా నుంచి మన దేశం దాకా అన్నీ దానికి సొంతూళ్లే. జీవులకు శాస్త్రీయ పేర్లు పెట్టిన లినేయస్ 1758లోనే దీనికి పేరు కూడా పెట్టేశాడు. చెవిలో గుడ్లంటారా, రెక్కలు చాస్తే 10 సెంటీమీటర్లుండే మాత్ అది. ఎవరి చెవి బాబూ అది?

ఆ నీలి కళ్లు ఉత్త మచ్చలు. అసలు కళ్లు నోటి పక్కన చుక్కల్లా ఉంటాయి. కదిలిస్తే తల లోపలికి ముడుచుకుని ముందు భాగం ఉబ్బిస్తుంది, అప్పుడు మచ్చలు ఇంకా పెద్దవై పాములా కనిపిస్తుంది. పిట్టలు భయపడాలని ఆ వేషం. పిట్టల సంగతేమో గానీ మన గ్రూపు అడ్మిన్లు మాత్రం బాగా జడిశారు. తోక దగ్గరి కొమ్ముతో కుట్టదు, ఒంటి మీద దురద పెట్టే వెంట్రుకలూ లేవు.

ఇక బ్లేడు వైద్యం. ఇది రాసిన మహానుభావుడు ఏ మెడికల్ కాలేజీలో చదివాడో! పాము కరిచినా కోయకూడదు, తాడు బిగించకూడదు. అలాంటిది ఆకు తినే పురుగు పాకిందని పిల్లాడి చెయ్యి కోస్తారా? వెంట్రుకల గొంగళి తగిలి మండితే టేపు అంటించి లాగి, సబ్బుతో కడగండి. ముఖం వాచినా, ఆయాసం వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తండి. బ్లేడు గడ్డానికే వాడండి.

ఒక్కటి ఒప్పుకుంటాను. ఫార్వర్డ్‌లో విషం అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. గన్నేరు ఆకు, పువ్వు, కాడ అన్నీ విషమే, కడుపులోకి పోతే గుండె లయ తప్పుతుంది. నరికి తగలబెడితే ఆ పొగ కూడా ప్రమాదమే. అంటే ఫార్వర్డ్ చెప్పినట్టు చేస్తేనే ఆ విషం మన ముక్కు దాకా వస్తుంది!

ఈ పురుగు నందివర్ధనం మొక్కనూ తింటుంది, రాత్రికి రాత్రి మోడు చేస్తుందన్నదీ నిజమే, చూస్తే ఏడుపొస్తుంది. అంత బాధైతే పురుగున్న కొమ్మను తుంచి దూరంగా పెట్టి, చేతులు కడుక్కోండి. పచ్చరంగు పోయి గోధుమరంగుకు తిరిగిందా, దాని భోజనం అయిపోయినట్టే. కిందికి దిగి ఎండుటాకుల్లో ప్యూపా (మాత్‌గా మారే ముందు కదలకుండా ఉండే దశ) అవుతుంది. కిరోసిన్ డబ్బా లోపల పెట్టేయండి.