తుమ్ముకి రెండు వేలు

సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి చూడటానికి వచ్చినవాళ్లు ముందు బానెట్ మీద చెయ్యి వేస్తారు. వేడిగా ఉందంటే, పొద్దున్నే మొరాయించే బండిని ముందే స్టార్ట్ చేసి పెట్టారని అనుమానం. మా 2014 మోడల్ పికప్ బానెట్ చల్లగానే ఉంది. తెనాలి పెద్దాయన వెంట తెచ్చుకున్న మెకానిక్ సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకి అందుకుంది. ఇంజిన్ ఆడుతుండగా ఆయిల్ మూత తీసి పొగ చిమ్ముతుందేమో చూశాడు. సైలెన్సర్ వెనక కూర్చుని నల్లపొగా తెల్లపొగా తేల్చుకున్నాడు. కమాన్ కట్టల (బండి బరువు మోసే స్ప్రింగుల) కిందికి దూరి వచ్చి, "బండి నీటుగా ఉంది బాబాయ్" అన్నాడు.

బేరం కుదిరింది. పెద్దాయన అడ్వాన్సు చేత్తో పట్టుకునే సీట్లో కూర్చుని, ఊరికే బ్లోయర్ స్విచ్ తిప్పాడు.

ఆ బండి ఇన్నేళ్లూ గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తోలింది. అందులోనూ తేజ రకం. మాకు అలవాటైపోయి తెలియదు గానీ, ఘాటంతా బ్లోయర్ గొట్టాల్లోనే కాపురముంది. పెద్దాయన గట్టిగా తుమ్మాడు.

ఒక్కటే. డబ్బు తిరిగి జేబులోకి వెళ్లిపోయింది.

రెండోది వస్తే దోషం లేదని గుమ్మంలోంచి మా అమ్మ తీర్పు. అందరం ఆయన ముక్కు వంకే చూస్తున్నాం. ఈలోగా మెకానిక్ తుమ్మాడు. తుమ్మినవాడే మళ్లీ తుమ్మాలని పెద్దాయన, బండి ఒకటే కాబట్టి ఏ ముక్కయినా ఒకటేనని నేను. (నా వాదనే సబబని ఇప్పటికీ నా నమ్మకం.) ఎదురింటి తాతగారు నశ్యం డబ్బా తెచ్చి డాష్‌బోర్డు మీద పెట్టి మూత తీశారు. బ్లోయర్ ఎవరూ ఆపలేదు. ఆ తర్వాత సరిసంఖ్యా బేసిసంఖ్యా లెక్కపెట్టే స్థితిలో ఒక్కడూ లేడు.

తేరుకుని, మంచినీళ్లు తాగి, "తుమ్ముకి రెండు వేలు తగ్గించండి" అన్నాడు పెద్దాయన. ఇంజిన్‌లో వంక దొరక్క ముక్కుతో బేరమాడిన మనిషిని అప్పుడే చూశాను. తగ్గించాను. బండి పేరు మార్చే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలయ్యాయి. అమ్మినవాడిగా 14 రోజుల్లో రవాణా శాఖకి నేను తెలపాలి, కొన్నవాళ్లుగా 30 రోజుల్లో తెలపాలని వాళ్లకీ గుర్తు చేశాను. పేరు మారేదాకా చలాన్లు మన పేరు మీదే కదా!

రాత్రి ఆయన ఫోన్ చేశాడు. అప్పుడే చలానా అని టెన్షన్.

"క్షేమంగా చేరామండీ. హారతి ఇస్తూ మా ఆవిడ తుమ్మింది, ఒక్కటే. ఇంకో రెండు వేలు ఫోన్‌పే చేస్తారా?"