తుమ్ము తెప్పించని దుమ్ము సంగతేమిటి?

ప్రయాణానికి గడప దాటబోతుండగా ఎవరైనా తుమ్మితే, ఇప్పటికీ మన ఇళ్లలో కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించి పంపుతారు. పసిపిల్లలు తుమ్మితే ‘చిరంజీవ’ అంటారు. ఇంత పట్టింపు ఉన్న తుమ్మును ఆరోగ్యం దగ్గరకు వచ్చేసరికి చిల్లర బాధగా తీసిపారేస్తాం. మందుల దుకాణంలో ఒక జలుబు మాత్ర, ముక్కులో నాలుగు చుక్కలు, అంతటితో సరి. అది కూడా పెద్ద తప్పేమీ కాదు. తుమ్ములు ఆగిపోయాక జనం పడే నిశ్చింతే నన్ను కలవరపెడుతుంది.

ముక్కు లోపలి తడిపొరకు దుమ్మో ఘాటో తగిలితే ట్రైజెమినల్ నాడి ఆ కబురును మెదడు కాండానికి చేరవేస్తుంది. ఆ తర్వాత మన ఇష్టాయిష్టాలతో పని లేదు. గుండెల నిండా గాలి పీలుస్తాం, కళ్లు మూసుకుంటాం, ఛాతీ బిగుసుకుని గాలి ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది. తాలింపులో ఎండుమిర్చి మాడితే ఇల్లంతా తుమ్మేది ఇందుకే. మిరపలోని క్యాప్సైసిన్, వేడిని పసిగట్టే నాడీ కొసలనే తట్టి లేపుతుంది. వయ్యారిభామ పూతకొచ్చినప్పుడు కొందరికి వచ్చే వరుస తుమ్ముల కథ వేరు. పుప్పొడిని శత్రువుగా పొరబడి శరీరం హిస్టమిన్ అనే, తుమ్ములు తెప్పించే రసాయనాన్ని విడుదల చేస్తుంది. నీడలోంచి ఎండలోకి రాగానే తుమ్మేవారూ ఉన్నారు, సుమారుగా నలుగురైదుగురిలో ఒకరు. వాళ్ల ముక్కులో దుమ్మూ ఉండదు, ఘాటూ ఉండదు. ఒంగోలు ఎండలు చాలవన్నట్టు ఇదొకటి! ఇక ముక్కుదిబ్బడ చుక్కలను నాలుగైదు రోజులకు మించి వాడితే దిబ్బడను అవే తెచ్చిపెడతాయి. ఈ సంగతి తెలియక సీసా జేబులో పెట్టుకుని తిరిగేవారు ఏ ఊళ్లోనైనా కనిపిస్తారు.

ముక్కు ఎలా లొంగిపోతుందో చూడాలంటే ప్రకాశం జిల్లాలో పొగాకు గ్రేడింగ్ జరిగే చోటికి వెళ్లాలి. బ్యారన్‌లో, అంటే పొగాకును వేడితో ఆరబెట్టే గదిలో, కాల్చిన ఆకును కర్రల నుంచి విప్పి, రంగు చూసి, మచ్చ చూసి వేరు చేస్తుంటారు కూలీలు. ఎక్కువమంది ఆడవాళ్లే. ఆకు దులిపినప్పుడల్లా ఆకుపొడి, మన్ను కలిసిన సన్నటి దుమ్ము లేస్తుంది. కొత్తగా పనిలోకి వచ్చిన అమ్మాయికి తుమ్మి తుమ్మి కళ్లు ఎర్రబడతాయి, చున్నీ ముక్కుకు చుట్టుకుంటుంది. ‘నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుందిలే అమ్మాయ్’ అంటుంది పక్కనున్న పెద్దావిడ. నిజంగానే అలవాటవుతుంది. ముక్కుపొడి పీల్చే వృద్ధులను గమనించండి. మొదట్లో చిటికెడుకే ఉక్కిరిబిక్కిరైనవారు తర్వాత ఎంత ఎక్కించినా చలించరు. పదేపదే వచ్చే కబురును పట్టించుకోవడం శరీరం తగ్గించుకుంది. లోపలికి పోయే పొడి మాత్రం తగ్గలేదు.

అసలు తుమ్మే తెప్పించని దుమ్ము ఇంతకన్నా చెడ్డది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు; తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్లు దాటిన రేణువులను ముక్కు, గొంతు చాలావరకు పట్టేస్తాయి. 5 మైక్రాన్ల లోపు రేణువులు ముక్కుకు తెలియకుండానే ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా వెళ్లగలవు. అవి రాళ్లలో, ఇసుకలో ఉండే సిలికా రేణువులైతే ఏళ్ల తరబడి అక్కడ మచ్చలు కట్టి సిలికోసిస్‌కు దారితీస్తాయి. దాన్ని నయం చేసే మందు లేదు. మార్కాపురం పలకల రాయిలో క్వార్ట్జ్ ఉంటుంది, అంటే సిలికాయే. చీమకుర్తి గెలాక్సీ అనే నల్లరాయిని అందరం గ్రానైట్ అంటాం కానీ భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి రాయి, క్వార్ట్జ్ తక్కువ. కాబట్టి రాళ్ల దుమ్మునంతటినీ ఒకే గాటన కట్టలేం. ఏ రాయి, పొడిగా కోస్తున్నారా తడిపి కోస్తున్నారా, రోజుకు ఎన్ని గంటలు అన్నవి చూడాలి. కోత రంపం మీద నీళ్లు పారితే గాలిలోకి లేచే దుమ్ము చాలా తగ్గుతుంది. మూతికి కట్టుకున్న తువ్వాలు పెద్ద దుమ్మును ఆపి తుమ్ములు తగ్గిస్తుందేమో కానీ, సన్నటి రేణువులకు అది అడ్డే కాదు. ఎన్95 తరహా మాస్కు కావాలి. తుమ్మితే ఊడే ముక్కులాంటి కూలి పనిలో, దాని కోసం యజమానిని నిలదీసేదెవరు?

చట్టం ఈ జబ్బును ఎరగక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే సిలికోసిస్‌ను వైద్యులు అధికారులకు తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చారు. తెలియజేయాలంటే ముందు గుర్తించాలి కదా. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం చూసి క్షయ అనుకోవడం తేలిక. పైగా సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే ముప్పూ ఎక్కువే, కాబట్టి ఒకదాని చాటున మరొకటి దాగిపోతుంది. రాతి పని, పలకల పని ఉన్న ప్రాంతాల ఆసుపత్రుల్లో ఓపీ చీటీ మీద పేరు, వయసు పక్కన ‘ఏం పని చేస్తారు, ఎన్నేళ్లుగా’ అన్న రెండు మాటలు రాసుకోవడానికి కొత్త పరికరమూ అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు.