మాట రాని బిడ్డకు పద్దు ఏది?

అంగన్‌వాడీలో మూడేళ్ల పిల్లాడి బరువు తగ్గితే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కుతుంది. అదే పిల్లాడు పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకుండా, గుమ్మం దగ్గర కూర్చుని చెప్పు పట్టీని అదేపనిగా లాగుతుంటే? అది ఆటిజం కావచ్చు. 2023 నవంబరులో కేంద్రం ఇచ్చిన దివ్యాంగ బాలల ప్రోటోకాల్ మూడు మెట్లు చెప్పింది: లక్షణాలు కనిపెట్టడం, ఊరి కార్యక్రమాల్లో కలుపుకుని కుటుంబానికి అండగా నిలవడం, ఆశా, ఏఎన్‌ఎం, పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే బృందాల ద్వారా పైకి పంపడం. రెండో మెట్టు దగ్గర టీచర్‌కు తోడు నిలిచే మనిషి లేడు.

ఆర్‌బీఎస్‌కే బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వస్తుంది. గుండె చప్పుడు, పళ్లు, రక్తహీనత ఒక పూటలో చూడొచ్చు. ఆటిజం అలా చిక్కదు. కొత్తవాళ్లను చూసి ఏ పిల్లాడైనా బిగుసుకుపోతాడు. ఆ రోజు జ్వరమొచ్చి రాలేదా, మళ్లీ ఆరు నెలలు. రెండేళ్ల బిడ్డకు ఆరు నెలలంటే వయసులో పావు వంతు!

పైకి పంపితే జిల్లా సత్వర చికిత్స కేంద్రం. స్పీచ్ థెరపీకి నెలల తరబడి వారం వారం వెళ్లాలి. వెళ్లిన రోజల్లా తల్లికి కూలి పోతుంది, బిడ్డను ఎత్తుకుని రెండు బస్సులు మారాలి. నాలుగో వారానికి ఆగిపోతారు. రిజిస్టర్‌లో మాత్రం ‘రిఫర్ చేశాం’ అని ఉంటుంది.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఏడాదికి 83.2 లక్షల దాకా ఇవ్వొచ్చు. అది ఆరోగ్యశాఖది, ఆసుపత్రి చుట్టూ తిరుగుతుంది. అంగన్‌వాడీ స్త్రీ శిశు సంక్షేమ శాఖది. ఆ డబ్బు ఇటు రాదు.

కావాల్సింది అంగన్‌వాడీ కేంద్రానికే వచ్చే మనిషి. రోజుకు రెండు కేంద్రాలు, వారానికి ఐదు రోజులు తిరిగితే యాభై కేంద్రాలకు ఒకరు చాలు. ఒక్కో చోటికి ఐదు వారాలకోసారి వస్తారు. తెలంగాణలోని 35,700 కేంద్రాలకు 714 మంది. నెలకు 30 వేలు అనుకున్నా ఏడాదికి 26 కోట్లలోపే, ప్రయాణ ఖర్చు వేరు. అంతమంది క్లినికల్ సైకాలజిస్టులు దొరకరు, నిజమే. సైకాలజీ పీజీ చేసినవాళ్లనూ స్పెషల్ ఎడ్యుకేటర్లనూ తీసుకుని, జిల్లా సైకాలజిస్టు పర్యవేక్షణలో పెట్టాలి. వాళ్లు చేసేది వైద్యం కాదు. పూటంతా పిల్లాణ్ని గమనించి, ఆట ఆపే ముందు బొమ్మ చూపించి చెప్పడం, ఒక్కసారి ఒకే పని అప్పగించడం టీచర్‌కు చేసి చూపిస్తారు. కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన గౌరవ వేతనం 2018 నుంచి 4,500 దగ్గరే నిలిచిపోయిన టీచర్‌కు మరో శిక్షణ మాడ్యూల్ పంపి చేతులు దులుపుకోవడం కన్నా ఇది నయం.

ఒక్క షరతు: ఈ డబ్బు జీతాల పద్దుగానే రాయాలి. ‘శిక్షణ, అవగాహన’ కింద పెడితే మార్చిలో హాలు అద్దెకూ భోజనాలకూ సరిపోతుంది.