సవరణ: కరకట్ట వెనక ఇళ్లకు వరద ఇన్సూరెన్స్

హ్యూస్టన్ పక్కన షుగర్‌ల్యాండ్‌లో కరకట్టల వెనక ఉంటున్న మనవాళ్ల కోసం రాసిన గత పోస్టులో, తుఫాను కబురు తెలిశాక వరద పాలసీ తీసుకున్నా సరిపోతుందని ఉంది. సరిపోదు. ఫెడరల్ వరద బీమా మామూలుగా 30 రోజులు గడిచాకే అమల్లోకి వస్తుంది. ఇంటి లోన్ తీసుకునేటప్పుడు, క్లోజింగ్‌తో (అంటే లోన్ పత్రాల మీద సంతకాలు పెట్టడంతో) కలిపి తీసుకుంటే ఆ గడువు ఉండదు. హరికేన్ సీజన్ జూన్ 1న మొదలు, కాబట్టి ఏప్రిల్‌లోనే తీసేసుకోండి.

లోన్ ఇచ్చిన బ్యాంకు వరద పాలసీ అడగలేదు కదా అని ఊరుకోవద్దు, దయచేసి. బ్రాజోస్ నది పొంగితే కట్ట తూముల గేట్లు మూసేస్తారు. లోపల కురిసిన వాన నీటిని పంపులే బయటికి ఎత్తిపోయాలి. 2017లో హార్వే తుఫాను వచ్చినప్పుడు కట్ట తెగకుండానే, లోపలి వాన నీటికే కొన్ని కాలనీల్లో ఇళ్లు మునిగాయి.

కమ్యూనిటీ రేటింగ్ డిస్కౌంటు, అంటే వరద ముప్పు తగ్గించడానికి ఊరు చేసే పనులకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 5 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. అది ఆ పనులకు ఊరికి వచ్చిన రేటింగ్ క్లాసును బట్టే. ఇంట్లో సామాన్లకు కవరేజీ మాత్రం విడిగా అడిగి తీసుకోవాలి.