యోసెఫ్ ఆల్బర్స్‌ని ముందు పంతులుగా చూడండి

ఒక చతురస్రం లోపల ఇంకో చతురస్రం, దాని లోపల మరొకటి. పసుపు, దాని మీద ముదురు పసుపు, మధ్యలో బూడిద రంగు. ఈ బొమ్మ ఫోటో ఎవరు ఎక్కడ పెట్టినా కింద ఒకటే మాట: "ఇది మా మూడో తరగతి పిల్లాడు కూడా వేస్తాడు." ఈ మాట చూసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. నచ్చకపోతే నచ్చలేదనండి, ఎవరి కన్ను వాళ్ళది. కానీ ఆ బొమ్మ వేసినాయన ఎవరో, దాని వెనక ఎన్నేళ్ళ తరగతి గది ఉందో తెలుసుకోకుండా తీసిపారేస్తుంటే ఊరుకోబుద్ధి కావడం లేదు.

యోసెఫ్ ఆల్బర్స్ 1888లో జర్మనీలోని బోట్రోప్‌లో పుట్టాడు. రూర్ ప్రాంతం, బొగ్గు గనుల ఊరు. తండ్రి ఇళ్ళకు రంగులేసే పనివాడు. రంగులే కాదు, అద్దాలు బిగించడం, కరెంటు వైర్లు లాగడం, అన్నీ చేతికొచ్చిన మనిషి. తల్లి వైపు వాళ్ళు కమ్మరులు. తలుపుకి రంగేసేటప్పుడు మధ్యలో మొదలుపెట్టి అంచులకు రావాలి, అప్పుడు కారిన రంగు చేతికీ చొక్కాకీ అంటదు అని తండ్రి నేర్పాడు. డెబ్భై దాటాక కూడా ఆల్బర్స్ తన చతురస్రాల్ని మధ్యలోంచే మొదలుపెట్టి బయటికి వేసుకుంటూ వచ్చేవాడు.

ఆయన బొమ్మలేసి పేరు తెచ్చుకుని ఆ తర్వాత పంతులైనవాడు కాదు. 1908 నుంచే ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు పాఠాలు చెప్పాడు. తర్వాత బెర్లిన్‌లో చదివి డ్రాయింగ్ టీచరుగా అర్హత సంపాదించాడు. మ్యూనిక్ అకాడమీలో కొన్నాళ్ళు ఉన్నాడు. 1920లో, 32 ఏళ్ళ వయసులో, చేతిలో టీచరు సర్టిఫికెట్ పెట్టుకుని వైమార్‌లో కళ, డిజైన్ నేర్పే బౌహౌస్ అనే బడిలో మళ్ళీ కొత్త విద్యార్థిగా చేరాడు. పక్కన కూర్చున్నవాళ్ళలో చాలామంది ఆయనకంటే బాగా చిన్నవాళ్ళు. నేర్చుకున్నదంతా పక్కనపెట్టి మొదటి బెంచీలో కూర్చోవడానికి ఎంత గుండె కావాలో ఉద్యోగంలో కుదురుకున్నవాళ్ళకి తెలుస్తుంది.

అక్కడ గోడల మీద బొమ్మలేసే విభాగంలో చేరమన్నారు. ఆయన మనసు గాజు మీద ఉంది. కొనడానికి డబ్బుల్లేవు. వీపున సంచీ, చేతిలో సుత్తి పెట్టుకుని ఊరి చెత్తకుప్పల దగ్గరికి వెళ్ళి పగిలిన సీసాలు ఏరుకొచ్చేవాడు. వాటినే తీగెలతో, సీసంతో కట్టి గాజు బొమ్మలు చేశాడు. మాట వినకపోతే బయటికి పంపేస్తామన్న అదే బడి, ఆ బొమ్మలు చూశాక గాజు వర్క్‌షాప్‌ని నువ్వే పెట్టు అంది. 1923లో ఆ బడి పెట్టిన గ్రోపియస్ ఆయనకి కొత్త విద్యార్థుల తరగతి అప్పగించాడు.

ఆ తరగతి గురించి వివరంగా చెప్పాలి. ఒకరోజు ఆల్బర్స్ చంకలో పాత న్యూస్‌పేపర్ల కట్టతో వచ్చి తలా ఒకటి పంచాడు. దీంతో ఏదో ఒకటి చెయ్యండి, కాగితం స్వభావాన్ని గౌరవించండి, దేన్నీ వృథా చెయ్యకండి, కత్తెర, జిగురు లాంటివి లేకుండా చెయ్యగలిగితే ఇంకా మంచిది అని చెప్పి వెళ్ళిపోయాడు. కాసేపటికి తిరిగొస్తే పిల్లలు కోటలు, పడవలు, విమానాలు చేసిపెట్టారు. ఇవన్నీ వేరే వస్తువుతో ఇంకా బాగా వస్తాయి, వీటికి కాగితమే ఎందుకు అన్నాడు. ఆయనకి నచ్చింది ఒక్కటే: ఒక కుర్రాడు పేపర్ని నిలువుగా మడిచి రెక్కల్లా నిలబెట్టాడు, అంతే. పడుకుని ఉండే కాగితం తన కాళ్ళ మీద తాను నిలబడింది. మడత పడితే కాగితానికి బలం వస్తుందని బోర్డు మీద రాసి చెప్పలేదు, వాళ్ళ వేళ్ళతో వాళ్ళే కనిపెట్టేలా చేశాడు. బోధన అంటే నాకు ఇదే.

1933లో నాజీల ఒత్తిడికి బౌహౌస్ మూతపడింది. భార్య ఆనీ గొప్ప నేత కళాకారిణి, యూదు కుటుంబంలో పుట్టింది. ఆ నవంబరులోనే ఇద్దరూ అమెరికా చేరారు. నార్త్ కరొలైనాలో అప్పుడే పుట్టిన బ్లాక్ మౌంటెన్ కాలేజీ ఆయన్ని పిలిచింది. డబ్బులేని కాలేజీ, విద్యార్థులూ పంతుళ్ళూ కలిసి పొలం పని కూడా చేసుకునే చోటు. ఆల్బర్స్‌కి ఇంగ్లీషు దాదాపు రాదు. ఇక్కడ ఏం నేర్పుతావని అడిగితే కూడబలుక్కుని, కళ్ళు తెరిపించడం అన్నాడు. బొమ్మలేయడం నేర్పుతానని అనలేదు. అక్కడ చేరినవాళ్ళంతా చిత్రకారులు కారని ఆయనకి తెలుసు, కావాలని కోరుకోలేదు కూడా. 1949 దాకా అక్కడే చెప్పాడు.

రూత్ అసావా అక్కడికే వచ్చింది. జపనీస్ మూలాలున్నందుకు యుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం నిర్బంధ శిబిరంలో పెట్టిన పిల్ల. యుద్ధమయ్యాక కూడా ఆ మూలాల వల్లే టీచరు ఉద్యోగానికి దారి మూసుకుపోతే, 1946లో ఆల్బర్స్ తరగతిలో కూర్చుంది. తర్వాత తీగె అల్లి గాలిలో వేలాడే శిల్పాలు చేసి, సాన్ ఫ్రాన్సిస్కోలో బడిపిల్లలకు కళ అందాలని జీవితమంతా పోరాడింది. తర్వాత పేరుమోసిన అమెరికన్ చిత్రకారుడైన రాషెన్‌బర్గ్ కూడా అదే కాలేజీలో చదివాడు. ఆల్బర్స్ తనకి దొరికిన అతి ముఖ్యమైన గురువని, తాను మాత్రం ఆయన దృష్టిలో పనికిరాని శిష్యుల్లో ఒకడినని చెప్పుకున్నాడు. ఆల్బర్స్ కఠినంగా ఉండేవాడు. అందరి ముందూ పని చీల్చి చెండాడేవాడు. ఆ పద్ధతిని నేను వెనకేసుకు రాను, కొందరికి దాంతో మనసు విరిగే ఉంటుంది. కానీ రాషెన్‌బర్గ్ బొమ్మలకీ ఆల్బర్స్ బొమ్మలకీ పోలికే లేదు. తనలాంటి చిత్రకారుల్ని తయారుచెయ్యని గురువుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

1950లో యేల్ విశ్వవిద్యాలయం డిజైన్ విభాగం అప్పగించింది. అదే ఏడాది, 62 ఏళ్ళ వయసులో, మొదటి చతురస్రాల బొమ్మ వేశాడు. 1976లో పోయేదాకా వెయ్యికి పైగా వేశాడు. గట్టి అట్టకి తెల్లరంగు పూసి, ట్యూబులోని రంగు కలపకుండా నేరుగా కత్తితో పరిచేవాడు. ఏ కంపెనీ రంగు, ఏ పేరుతో అమ్ముతారో వెనకవైపు రాసి పెట్టేవాడు, ప్రయోగశాలలో రాసుకున్నట్టు. విద్యార్థులకి ఏ లెక్క ఇచ్చాడో అదే లెక్క తనూ పాతికేళ్ళు చేశాడు: రంగు ఒంటరిగా ఉండదు, పక్కనున్న రంగుని బట్టి మారిపోతుంది, ఎంత మారుతుందో చూద్దాం. అందుకే ఆకారం ఒకటే పెట్టుకున్నాడు. ఆకారం మారితే కన్ను దాని వెంట పోతుంది. మూడో తరగతి పిల్లాడు చతురస్రం గీస్తాడు, నిజమే. మూడు చదునైన రంగుల్లో ఒకటి వెనక్కి పోయినట్టు, ఒకటి ముందుకొచ్చినట్టు, ఒకటి వెలుగుతున్నట్టు కనిపించేలా పక్కపక్కన పెట్టడం వేరే సంగతి.

1963లో, 75 ఏళ్ళప్పుడు, రంగుల మీద ఆయన రాసిన పుస్తకం 'ఇంటరాక్షన్ ఆఫ్ కలర్' అచ్చయింది. దాన్ని తన విద్యార్థులకు కృతజ్ఞతగా సమర్పించాడు. అందులో సిద్ధాంతం తర్వాత, ముందు అభ్యాసం. 1971లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం బతికున్న చిత్రకారుడి జీవితకాలపు పనిని విడిగా ప్రదర్శించడం ఆయనతోనే మొదలైంది. పంతులుగిరీ చేసుకునేవాడు అసలు కళాకారుడే కాదని మనలో పాతుకుపోయిన చిన్నచూపుకి ఇంతకంటే జవాబు నాకు తెలియదు. పాఠం చెప్పడం ఆయన బొమ్మల్ని మింగెయ్యలేదు, ఆ బొమ్మలు పుట్టిందే పాఠంలోంచి.

ఈ దారి మన దేశానికీ వచ్చింది. జర్మనీలోని ఉల్మ్ డిజైన్ స్కూల్లో ఆల్బర్స్ 1950లలో పాఠాలు చెప్పాడు. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్.ఐ.డి. మొదటి ఏడాది చదువు మీద బౌహౌస్, ఉల్మ్‌ల ముద్ర ఉంది. అక్కడిదాకా వచ్చింది కానీ మన ఊరి బడికి రాలేదు. ఇప్పటికీ బోర్డు మీద మామిడికాయ గీసి, దాన్ని చూసి గియ్యమంటాం. పరీక్షలు దగ్గరపడితే ఆ పీరియడ్ కూడా లెక్కలకి పోతుంది. డబ్బుల్లేక అంటారు. ఆల్బర్స్ వాడింది పాత పేపర్లు, చెత్తకుప్పలో సీసాలు, ఎండుటాకులు, రంగు కాగితాల ముక్కలు.

పిల్లలున్నవాళ్ళు ఈ ఆదివారం ఒకటి చెయ్యండి. పెళ్ళిపత్రికలు, పాత క్యాలెండర్లు, మిఠాయి డబ్బాల అట్టలు పోగెయ్యండి. ఒకే కాగితంలోంచి రెండు చిన్న ముక్కలు కత్తిరించి, ఒకటి ఒక రంగు మీద, రెండోది ఇంకో రంగు మీద పెట్టండి. ఆ రెండు ముక్కలూ వేర్వేరు రంగులని చూసినవాళ్ళు అనుకోవాలి. కింది కాగితాలు మార్చుతూ వెతకండి, గంట పట్టినా పర్వాలేదు. అది కుదిరాక తిరగెయ్యండి: నిజంగా వేరైన రెండు రంగులు ఒకటే అనిపించాలి. ఇది చాలా కష్టం, తొందరపెట్టకండి, మీరే చెప్పెయ్యకండి. ఫోన్లో ఫోటో తీసి పోల్చకండి, కెమెరా రంగుల్ని తనకి తోచినట్టు మార్చేస్తుంది. కిటికీ దగ్గర పగటి వెలుతురులో కాగితాల్నే చూడండి.