ఎలుగుబంటి లేని ఖండానికి ఎన్‌వోసీ

అనంతపురంలో ఫ్లెక్సీ కడితే తలెత్తి చూసేవాళ్లు లేరు. పుట్టినరోజులు, పెద్దకర్మలు, పదవులు, పరామర్శలు చూసీ చూసీ మన మెడలు మొద్దుబారాయి. అయినా ఆమధ్య టవర్ క్లాక్ దగ్గర కట్టిన ఫ్లెక్సీ ముందు బండి ఆపక తప్పలేదు. అందులో ఒక పెంగ్విన్, ఒక తెల్ల ఎలుగుబంటి భుజాలు రాసుకుంటూ నిలబడి ఉన్నాయి. తెల్ల ఎలుగుబంటి ఉండేది ఉత్తర ధ్రువం వైపు. అంటార్కిటికాలో ఉండేది పెంగ్విన్. సృష్టి మొదలైనప్పటి నుంచీ ఎదురుపడని ఆ రెండింటికీ పెళ్లిచూపులు జరిపించిన ఘనత మన డీటీపీ సెంటర్‌దే. కింద ‘ఉత్తర ధ్రువ యాత్రకు ఎంపికైన మా ముద్దుబిడ్డకు శుభాభినందనలు’ అని ఉంది. ముద్దుబిడ్డ పోవాల్సింది దక్షిణానికి. ఆమె ఫోటో ఎక్కడుందా అని వెతికితే, వరసగా నవ్వుతున్న పెద్దమనుషులందరి కింద, ఎలుగుబంటి కాలి దగ్గర స్టాంపు సైజులో దొరికింది.

అమ్మాయిది రాప్తాడు అవతల ఒక పల్లె. నాన్న శెనక్కాయల రైతు. సముద్రం అడుగు బురదలో దొరికే ఫొరామినిఫెరా మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఆవగింజంత కూడా ఉండని ఆ జీవుల పెంకుల్లోని రసాయనాలను బట్టి, అవి బతికిన కాలంలో సముద్రం ఎంత వేడిగా ఉండేదో లెక్క కట్టొచ్చు. నైరుతి రుతుపవనాల పాత చరిత్రను కూడా ఇట్లాగే తవ్వుతారు. 2014-15లో ఒక అంతర్జాతీయ బృందం ఓడలో బంగాళాఖాతానికి వచ్చి, సముద్రం అడుగున గొట్టాలు దింపి బురద తీసుకుపోయింది ఆ పని మీదే. వాన కోసం ఆకాశం చూసి చూసి అలిసిపోయిన రైతు కూతురు సముద్రం అడుగున వెతుకుతానంటే అందులో వింతేముంది?

అసలు అంటార్కిటికాకు అనంతపురం వాళ్లే సరైన అర్హులని నా వాదన. అది ప్రపంచంలోకెల్లా పెద్ద ఎడారి. లోపలి పీఠభూమి మీద పడే మంచునంతా కరిగించి కొలిచినా ఏడాదికి 50 మిల్లీమీటర్లు దాటడం కష్టం. మనకు సగటున 550 పడుతుంది. కరువుకు పేరు పడ్డ మన జిల్లా, చూసి జాలిపడడానికి భూమ్మీద ఒక చోటు దొరకడం ఇదే మొదటిసారి.

కేప్‌టౌన్ నుంచి దక్షిణ మహాసముద్రంలోకి పోయే ఒక విదేశీ పరిశోధన ఓడలో, కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవాళ్ల కోసం కేటాయించిన బెర్తుల్లో ఒకటి ఆమెకు దక్కింది. ఈమెయిల్ వచ్చిన రెండో రోజే సన్మానసభ పెట్టారు. ఇట్లాంటి పనుల్లో మన వేగం చూస్తే నాకు నిజంగానే ఒళ్లు పులకరిస్తుంది.

సభ పదికి అన్నారు, పన్నెండున్నరకు జ్యోతి వెలిగించారు. ఏప్రిల్ ఎండలో రేకుల హాలు. ఆ పిల్ల మీద ఒకదాని మీద ఒకటి శాలువాలు కప్పుతూనే ఉన్నారు, చలికి ఇప్పటి నుంచే అలవాటు చేస్తున్నారేమో. మొదటి వక్త ఆమెను ‘అంటార్కిటికాలో అడుగుపెట్టబోతున్న తొలి భారతీయ మహిళ’ అన్నాడు. శాస్త్రవేత్తలు సుదీప్తా సేన్‌గుప్తా, అదితి పంత్ 1983లో బయలుదేరిన మన మూడో యాత్రలోనే అక్కడికి పోయి పనిచేసి వచ్చారు. వక్తకు ఆ సంగతి చెప్పేవాళ్లు ఎవరు? రెండో వక్త, తాను కులుమనాలిలో పడిన చలిబాధను ముక్కాలు గంట వర్ణించాడు. మూడో ఆయన మాత్రం పెద్దరికంగా జాగ్రత్తలు చెప్పాడు.

“తల్లీ, ఆడ ఎలుగుబంట్లు ఉంటాయంట. ఒక్కదానివే బయటికి పోవద్దు.”

“సార్, ఎలుగుబంట్లు అక్కడ ఉండవు సార్. ఉత్తరం వైపే.”

“ఉండవులేమ్మా. ఉంటే?”

హాలంతా చప్పట్లు. ఆ ప్రశ్నకు సైన్సులో జవాబు లేదు మరి.

ఇంతసేపూ ఆ పిల్ల శాలువాల కింద ఒక ప్లాస్టిక్ ఫైలు అదిమి పట్టుకుని కూర్చుంది. అందులో ఎన్‌వోసీ దరఖాస్తు ఉంది, అంటే పోవడానికి అభ్యంతరం లేదని ఆఫీసు రాసిచ్చే కాగితం కోసం. సంతకం చేయాల్సిన పెద్దమనిషి అదే వేదిక మీద, రెండు కుర్చీల అవతల కూర్చుని బాదంపాలు తాగుతున్నారు. సభ అయ్యాక ఫైలు ముందు పెడితే ఆయన మందలించారు, ప్రేమగానే: “శుభకార్యంలో ఆఫీసు పని ఏందమ్మా? సోమవారం రా.”

సోమవారాలు చాలా వచ్చాయి. దరఖాస్తులో ‘పోవు దేశము’ అని ఒక గడి ఉంది. అంటార్కిటికా ఏ దేశానిదీ కాదు. 1959లో ఒప్పందం రాసుకుని ఎవరి హక్కులు వాళ్లు పక్కన పెట్టారు, మన దేశం 1983లో అందులో చేరింది. ఆ పిల్ల నిజాయితీగా ‘దక్షిణ మహాసముద్రం’ అని రాసింది. సూపరింటెండెంటు ఫైలు వెనక్కి నెట్టాడు. “దేశం లేని తావుకు నిన్ను ఎట్ల పంపేదమ్మా? రేపు ఆడిట్‌కు ఎవరు జవాబు చెప్పాల?” ఓడ ఎక్కేది కేప్‌టౌన్‌లో కాబట్టి ‘దక్షిణాఫ్రికా’ అని దిద్దింది. పై సెక్షన్ నుంచి క్వెరీ వచ్చింది: పరిశోధన మంచు ప్రాంతం గురించి, పోయే దేశం ఆఫ్రికాలో, పొంతన కుదరలేదు, వివరణ ఇవ్వగలరు. పక్క సీటు గుమాస్తా మంచివాడు, జాలిపడి సలహా ఇచ్చాడు: “నేపాల్ అని రాయి పాపా. మంచుకు మంచూ ఉంటుంది, దేశానికి దేశమూ ఉంటుంది.”

డబ్బు సంగతికి వస్తే నాకు నవ్వు రావడం లేదు. ఓడలో తిండీ పడకా నిర్వాహకులే ఇస్తారు. విమానం ఖర్చూ ఇస్తారు, కానీ తిరిగి వచ్చి బోర్డింగ్ పాసులు అంటించి పంపాక. అంటే లక్షకు పైచిలుకు ముందు మన జేబులోంచి పెట్టుకోవాలి. పరిశోధన విద్యార్థులకిచ్చే భృతి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 అని కాగితం మీద ఉంది. ఆ పిల్లకు పడి ఎన్ని నెలలైందో అడిగితే నేల చూపులు చూసింది. నాన్న పాస్‌బుక్ అప్పటికే బ్యాంకులో ఉంది. అమ్మ గొలుసు తాకట్టులో ఉంది. నగరంలో డాక్టర్ల పిల్లలకు నాన్న క్రెడిట్ కార్డు గీకితే అయిపోయే పని ఇది. వీళ్లకు మాత్రం ప్రతిభ నిరూపించుకున్నాక కూడా ప్రవేశ రుసుం ఉంది, దాని పేరు రీయింబర్స్‌మెంట్. మన పెద్దలు ‘అధ్యయన యాత్ర’లకు పోయేటప్పుడు టికెట్టూ, దినభత్యమూ ముందే చేతికొస్తాయి. వాళ్లకు లేని బోర్డింగ్ పాసు అనుమానం ఈ పిల్ల మీదే ఎందుకు? ఎవరబ్బ సొమ్ము దాచుకుంటోందని? హాలుకు, శాలువాలకు, బాదంపాలకు దొరికిన డబ్బు టికెట్టుకు దొరకదా? సిగ్గుండాలి.

దక్షిణాన వేసవి పొట్టిది. ఓడలు నవంబరు నుంచి మార్చి లోపలే పని ముగించుకోవాలి, మన సోమవారం కోసం ఆగవు. పేర్లు ఖాయం చేసే గడువు దాటిపోయింది. ఆ బెర్తు వెయిటింగ్ లిస్టులో ఉన్న వేరే దేశం కుర్రాడికి పోయింది. పిల్లాడి మీద నాకు కోపం లేదు. వాళ్ల ఆఫీసులో ఎవరో పెన్ను తీశారు, అంతే.

“వయసుంది కదమ్మా, మళ్లీ పోవచ్చులే” అంటున్నారు అందరూ. యాభై దాటినవాళ్లను యువనేతలని పిలుచుకునే ఊళ్లో ఈ ఓదార్పు సహజం. అంటార్కిటికా పరిశోధనను సమన్వయం చేసే అంతర్జాతీయ కమిటీ ‘స్కార్’ లెక్క వేరు: దాని ఫెలోషిప్పులు పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు, లేదా పూర్తయి అయిదేళ్లు దాటనివాళ్లకే. 2032-33లో, దేశాలన్నీ కలిసి ధ్రువాల మీద పరిశోధన చేసే అయిదో అంతర్జాతీయ ధ్రువ సంవత్సరం జరపడానికి ప్రపంచం ఇప్పుడే సన్నాహాల్లో ఉంది. మన ఫైలు అప్పటికి ఫైనాన్స్ సెక్షన్ చేరొచ్చని నేనూ ఆశ పడుతున్నాను.

ఆ పిల్ల మొండిది, ఇంకో ఓడకు మళ్లీ అప్లై చేసింది. ఎన్‌వోసీకి ఈసారి కొత్త ప్రొఫార్మా ఇచ్చారట. ‘పోవు దేశము’ గడి పక్కన ఇప్పుడు చుక్క గుర్తు పెట్టారు, ఖాళీగా వదిలితే దరఖాస్తు చెల్లదు.